మూతపడ్డ బడిలో తెలుగు తరగతి (2020-2022)

2020 మార్చిలో దేశంలోని పాఠశాలలు మూతపడినప్పుడు దాదాపు 15 లక్షల బడులు, 24 కోట్ల 70 లక్షల మంది పిల్లలు ఆ మూతకు లోనైనారని యునిసెఫ్ లెక్క కట్టింది. హోసూరు, తిరుత్తణి, బరంపురం, ముంబయి, యానాం ప్రాంతాల తెలుగు తరగతులు కూడా ఆ అంకెలోనే కలిసిపోయి ఉన్నాయి. వాటికంటూ ప్రత్యేకమైన గడి ఏ పట్టికలోనూ లేదు. జరిగిన నష్టం మాత్రం అందరిదీ ఒక్క తీరుగా లేదు. బడి మూతపడితే తమిళ పిల్లవానికి తమిళం టీవీలో, గోడల మీద, బస్సు పలకల మీద, పొరుగింట్లో మిగిలే ఉంటుంది. మన పిల్లవానికి తెలుగు అక్షరం కనబడే చోటు బడి ఒక్కటే. ఇంట్లో మాట ఉన్నది, లిపి లేదు. ఈ తేడాను మనసులో ఉంచుకొని ఆ రెండేళ్ళ చరిత్రను చదువవలసి ఉన్నది.

ముందుగా ఒక పాత లెక్క చెప్పాలి. 1949 ఆగస్టులో సమావేశమైన ప్రాంతీయ విద్యామంత్రులు, ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని వేరే మాతృభాష గల పిల్లలుంటే ప్రాథమిక దశలో ఆ భాషలో బోధించే ఏర్పాటు చేయాలని తీర్మానించారు. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాల మీద ఉంచింది. రాష్ట్రాన్ని బట్టి అమలు మారినా, మన బడులలో "పది, నలభై" అనే అంకెలు ఇప్పటికీ నోట నానుతూనే ఉన్నాయి. తెలుగు ఉపాధ్యాయుని ఉద్యోగం హాజరుపట్టీలోని తలల మీద ఆధారపడి ఉంటుంది. మామూలు రోజులలోనే ముప్పైతొమ్మిదో నలభయ్యో అని లెక్కపెట్టుకొనే బడికి ఏడాదిన్నర మూత వచ్చిపడితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

తమిళనాడులో బడులు 2020 మార్చి 17 నుండి మూతపడ్డాయి. పదో తరగతి పరీక్ష మార్చి 27న మొదలు కావలసింది. అది జూన్ 1కి, తరువాత జూన్ 15కు జరిగి, చివరకు జూన్ 9న రద్దయింది. అందరూ ఉత్తీర్ణులే. మార్కులలో 80 శాతం త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షల నుండి, 20 శాతం హాజరు నుండి తీసుకున్నారు. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలు 2021 జనవరి 19న బడికి వచ్చారు. తొమ్మిది, పదకొండు ఫిబ్రవరి 8న వచ్చి, మార్చి 22న మళ్ళీ ఇంటిదారి పట్టారు. రెండవ అల తగ్గిన తరువాత సెప్టెంబరు 1న పెద్ద తరగతులు తెరిచారు. ఒకటి నుండి ఎనిమిది వరకు పిల్లలు గడప తొక్కినది 2021 నవంబరు 1న! పందొమ్మిదిన్నర నెలలు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరవలసిన పిల్ల, బడిని మొదటిసారి చూసేనాటికి పేరుకు రెండో తరగతిలో సగం దూరం వచ్చేసింది. గుణింతం నేర్వవలసిన వయసు గుణింతం లేకుండానే గడిచిపోయింది.

సరిహద్దు ఊళ్ళ వారికి మరొక అనుభవం ఉన్నది. 2020 ఏప్రిల్ 26న వేలూరు జిల్లాలో చిత్తూరు వైపు పోయే రెండు దారులకు అడ్డంగా ఇటుకలతో గోడలే కట్టించారు. విమర్శలు రావడంతో కొద్ది రోజులలోనే వాటిని తొలగించారు గాని, ఆ గోడ ఫోటో మన వాట్సాప్ గుంపులలో చాలాకాలం తిరిగింది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సూత్రం ప్రకారం తిరుత్తణి తమిళనాడుకు వచ్చినప్పుడు కూడా దారి మీద గోడ పడలేదు. బంధువులు అటు, ఇటు ఉన్న ఊళ్ళివి. అమ్మమ్మ ఇల్లు అవతల, బడి ఇవతల. ఈ-పాస్ లేనిదే దాటరాని గీత అయింది సరిహద్దు. సెలవులకు అవతలికి వెళ్ళి అక్కడే చిక్కుబడి, చివరకు అక్కడి బడిలోనే చేరిపోయిన పిల్లలున్నారు. వారి చదువుకు నష్టం లేకపోవచ్చును. ఇవతలి హాజరుపట్టీలో మాత్రం ఒక పేరు తగ్గింది.

మూతకాలంలో బోధనకు ప్రభుత్వాలు చూపిన ప్రత్యామ్నాయాలన్నీ ఆయా రాష్ట్రభాష చుట్టూనే తిరిగాయి. ఇది దురుద్దేశం వలన జరిగినదని నేననను. తొందరలో ఎవరైనా ముందు పెద్ద సంఖ్యనే చూస్తారు. తమిళనాడులో 2019 ఆగస్టులో మొదలైన కల్వి తొలైక్కాట్చి అనే టీవీ వాహిని ఆ సమయానికి చేతికందింది. దాని ప్రధాన భాష తమిళం. ఒడిశాలో 2020 సెప్టెంబరు చివరలో రేడియో పాఠశాల మొదలై, ఆకాశవాణి ద్వారా ఒకటి నుండి ఎనిమిది తరగతులకు ఒడియాలో పాఠాలు వినిపించింది. బరంపురం పిల్లలకు ఒడియా వచ్చును గనుక వారు విన్నారు, లాభపడ్డారు కూడా. తెలుగు వాచకం సంగతి వేరు. అది సంచిలోనే ఉండిపోయింది. ఆ వేసవిలో సూరత్ మగ్గాల నుండి కార్మికులు తిరిగివచ్చిన గంజాం జిల్లా ఒడిశాలో వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాలలో ఒకటయింది.

ఫోను పాఠాల గురించి చాలామంది గొప్పగా చెప్పుకొన్నారు. 2021 సెప్టెంబరులో వెలువడిన ఒక సర్వే, 15 రాష్ట్రాలలోని బీద కుటుంబాల పిల్లలు సుమారు 1,400 మందిని చూసి, గ్రామాలలో క్రమం తప్పక ఆన్‌లైన్ చదువు సాగినది 8 శాతానికేనని, 37 శాతం అసలు చదవడమే లేదని తేల్చింది. అదే సంవత్సరపు అసర్ నివేదిక ప్రకారం 67.6 శాతం ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నది. 2018లో ఇది 36.5 శాతమే. ఫోను ఉన్నది గాని అది నాన్నగారి జేబులో పనికి పోయేది. పైగా మన పిల్లల తల్లిదండ్రులలో చాలామంది తమిళంలోనో కన్నడంలోనో చదువుకున్నవారు. చక్కటి తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. వాట్సాప్‌లో వచ్చిన పాఠాన్ని ఇంట్లో ఎవరు దిద్దాలి?

ఇక ఉపాధ్యాయుల అనారోగ్యం. ఈ భాగం వ్రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

కర్ణాటకలో 2020 ఆగస్టులో విద్యాగమ అనే కార్యక్రమం వచ్చింది. బడి తెరవరు, ఉపాధ్యాయులే వీధికి వెళ్ళి చెట్ల క్రింద, గుడి మండపాలలో చిన్న చిన్న గుంపులకు పాఠం చెబుతారు. ఆలోచన మంచిదే. పిల్లలు వచ్చారు. కాని ఉపాధ్యాయులకు, పిల్లలకు వ్యాధి సోకిందన్న వార్తలు వరుసగా రావడంతో అక్టోబరులో దానిని నిలిపివేసి, 12 నుండి 30వ తేదీ వరకు సెలవులిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న పెద్ద తరగతులు తెరిస్తే మూడు రోజులలోనే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు వ్యాధి ఉన్నట్లు పరీక్షలలో తేలింది. బడికి వచ్చిన తరువాతనే సోకిందని దీని అర్థం కాదు, పరీక్ష చేయించుకొన్నందున బయటపడింది. అయినా భయం భయమే. బడి మూసిన రోజులలో కూడా ఉపాధ్యాయుడు ఇంట్లో కూర్చోలేదు. ఇంటింటి సర్వేలు, క్వారంటైన్ కేంద్రాల పనులు, రేషను పంపకాలు ఆయన నెత్తినే పడ్డాయి. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు వరుసలు చూడడానికి కూడా ఉపాధ్యాయులనే నిలబెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి!

2021 ఏప్రిల్ 6న తమిళనాడులోను, యానాంతో కూడిన పుదుచ్చేరిలోను శాసనసభ ఎన్నికలు జరిగాయి. కర్ణాటకలో ఏప్రిల్ 17న మస్కీ, బసవకల్యాణ శాసనసభ స్థానాలకు, బెళగావి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నికలు జరిగాయి. పోలింగు కేంద్రంలో కూర్చునేది ఎవరో మనకు తెలిసినదే. టీకాలలో ఉపాధ్యాయులకు మొదటి వరుసలో చోటు దొరకలేదు. మార్చి 1న అరవై దాటినవారికి, ఏప్రిల్ 1న నలభై ఐదు దాటినవారికి, మే 1న మిగిలిన పెద్దలకు అనుమతి వచ్చింది. ఎన్నికల పనికి పోయేవారికి మాత్రం మార్చిలో ముందుగా ఇచ్చారు. దేశంలోని ఉపాధ్యాయులందరికీ సెప్టెంబరు 5లోగా టీకా పూర్తి చేయాలని, అందుకు రెండు కోట్లకు పైగా అదనపు డోసులు ఇస్తామని కేంద్రం ప్రకటించినది 2021 ఆగస్టు చివరలో. అప్పటికి రెండవ అల వచ్చి, తీసుకుపోవలసినవారిని తీసుకుపోయింది.

గణితం ఉపాధ్యాయుడు మంచానపడితే ప్రక్క తరగతి ఆయన వచ్చి నాలుగు లెక్కలు చేయిస్తాడు. తెలుగు ఉపాధ్యాయురాలు మంచానపడితే ఆ తరగతికి వచ్చి కూర్చునేవారుంటారు గాని, ఒత్తు దిద్దేవారుండరు. ఒక బడికి ఒకే తెలుగు టీచరు ఉన్న చోట, ఆమె అనారోగ్యం అంటే ఆ భాషకే సెలవు. మా ప్రాంతంలోని ఒక బడిలో (పేరు అనవసరం) టీచరమ్మ 2021 మేలో జబ్బుపడి, పెద్ద తరగతులు తెరిచిన సెప్టెంబరులో ఆయాసంతోనే తిరిగి వచ్చారు. అరగంట పాఠం చెబితే దగ్గు తెర వచ్చేది. మధ్యలో ఆమె మంచం మీద నుండే వాచకంలోని పాఠాలు చదివి, చిన్న చిన్న ముక్కలుగా ఫోనులో పంపేవారు. బడి తెరిచాక ఆమె రాలేని రోజులలో తమిళ ప్రధానోపాధ్యాయులవారు తెలుగు పీరియడును వేరే పాఠానికి ఇవ్వకుండా అలాగే ఉంచారు. తామే వచ్చి కూర్చొని పిల్లల చేత వంతులవారీగా బిగ్గరగా చదివించేవారట. ఆయనకు తెలుగు రాదు. తప్పు చదివితే ప్రక్క పిల్లలు నవ్వేవారు గనుక తప్పు ఎక్కడో ఆయనకు తెలిసేదట! కాలపట్టికలో ఆ గడి ఒక్కసారి పోతే తిరిగి రాదని ఆయనకు తెలుసు. అన్ని చోట్లా అటువంటివారు లేరు.

ముంబయి కథ వేరు. అక్కడి నగరపాలక సంస్థ ఎనిమిది మాధ్యమాలలో బడులు నడిపేది, వాటిలో తెలుగు ఒకటి. కామాఠీపురకు పేరు తెచ్చిన మన కూలీల మనుమలు, వలస వచ్చిన పాలమూరు, కరీంనగర్ వారి పిల్లలు ఆ బడులకు ఆధారం. 1896లో ప్లేగు వచ్చినప్పుడు లక్షలాది మంది ఆ నగరం విడిచి ఊళ్ళకు పోయారు. ఆ ప్లేగు కోసం 1897లో చేసిన అంటువ్యాధుల చట్టాన్నే 2020లో మళ్ళీ బయటికి తీశారు. జనం మళ్ళీ ఊళ్ళకు పోయారు. మహారాష్ట్రలో ఇతరచోట్ల 2020 నవంబరు 23న పెద్ద తరగతులు తెరవడం మొదలైనా ముంబయిలో 2021 అక్టోబరు 4 వరకు తెరవలేదు. ఒకటి నుండి ఏడు తరగతులు డిసెంబరు 15న తెరిచి, ఒమిక్రాన్ వలన జనవరిలో మూసి, 24న మళ్ళీ తెరిచారు. బడి తెరిచారని తండ్రి పని మానుకొని, తట్టాబుట్టా సర్దుకొని నగరానికి రాడు గదా! ఊళ్ళో చేరిన పిల్లలు చాలామంది ఊళ్ళోనే ఉండిపోయారు.

యానాంలో తెలుగు అల్పసంఖ్యాక భాష కాదు గాని అక్కడొక విచిత్రం చూశాము. బడి ఎప్పుడు తెరవాలో చెప్పేది పుదుచ్చేరి. అప్పట్లో పాఠ్యక్రమం, పదో తరగతి పరీక్ష ఆంధ్రప్రదేశ్‌వి. పుదుచ్చేరి 2020 అక్టోబరు 8న సందేహనివృత్తి తరగతులు మొదలుపెడితే, ఆంధ్ర నవంబరు 2న తెరిచింది. రెండు పంచాంగాల మధ్య ఉపాధ్యాయులు నెట్టుకొచ్చారు.

పరీక్షల రద్దు వలన తమిళనాడు తెలుగు పిల్లలకు జరిగిన మరొక సంగతి మీరు గమనించి ఉండకపోవచ్చు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరగతి తరగతిగా పైకి వచ్చి, పదో తరగతికి 2016 పరీక్షల నాటికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకు పోయారు. 2019లో మద్రాసు హైకోర్టు 2020 నుండి 2022 వరకు తమిళ పరీక్ష నుండి మినహాయింపు ఇచ్చింది. ఆ మూడేళ్ళలో 2020లోను, 2021లోను పరీక్షే జరగలేదు! మేధోశ్రమతో, చందాలతో సాధించుకున్న మూడేళ్ళ గడువులో నిజంగా వాడుకొన్నది ఒక్క ఏడాదే, 2022 మే నెల పరీక్షలలో. ఆ ఏడాది పరీక్ష వ్రాసిన పిల్లలు తొమ్మిదో తరగతిని ఆరు వారాలు చదివినవారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక్క ఏడాది పొడిగించింది.

తెరిచాక నష్టాన్ని కొలవడం మొదలైంది. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వారు కర్ణాటకతో కలిపి అయిదు రాష్ట్రాలలో 1,137 ప్రభుత్వ బడులలోని 16,067 మంది పిల్లలను 2021 జనవరిలో పరిశీలిస్తే, 92 శాతం మంది ముందు తరగతిలో వచ్చిన కనీసం ఒక భాషా సామర్థ్యాన్ని పోగొట్టుకున్నట్లు తేలింది. నష్టం పూడ్చడానికి తమిళనాడు 2021 అక్టోబరు 27న "ఇల్లం తేడి కల్వి", అంటే ఇల్లు వెదకి వచ్చే చదువు, మొదలుపెట్టింది. 2022 జూన్‌లో "ఎణ్ణుం ఎళుత్తుం" తిరువళ్ళూరు జిల్లాలో ప్రారంభమైంది. తమిళం, ఆంగ్లం, లెక్కలు దాని లక్ష్యాలు. మంచి పథకాలు. తెలుగు నష్టాన్ని పూడ్చే పని మాత్రం ఎప్పటిలాగే తరగతి ఉపాధ్యాయునికే వదలిపెట్టబడింది. మూడో తరగతిలో కూర్చున్న పిల్లల చేత అ, ఆలు దిద్దించడం 2022లో చాలామంది చేశారు. పైఅధికారి వస్తే మూడో తరగతి వాచకం తెరిచిపెట్టి, వెళ్ళగానే పలకలు బయటికి తీసేవారు.

ఆ కాలంలో ప్రైవేటు బడి రుసుము కట్టలేక ప్రభుత్వ బడికి వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. దేశం మొత్తం మీద ప్రభుత్వ బడులలో చేరిక 2020లోని 65.8 శాతం నుండి 2021లో 70.3 శాతానికి పెరిగిందని అసర్ చెబుతుంది. కొన్ని తెలుగు తరగతులలో నలభై అంకె నిలబడినది వీరి వలననే. 2020 జూన్‌లో ఒకటో తరగతి హాజరుపట్టీలో పేరు ఎక్కి, రెండో తరగతి నవంబరులో బడికి వచ్చిన ఆ పిల్లలు పదో తరగతి పరీక్ష వ్రాసేది 2030లో. మీ బడిలో ఆ రెండేళ్ళ హాజరుపట్టీలు, సెలవు చీటీలు ఇంకా ఉంటే పాత కాగితాలవానికి వేయకండి. ఏ ఉపాధ్యాయుడు ఎన్ని రోజులు మంచాన ఉన్నాడో, ఆ రోజులలో తెలుగు తరగతి ఎవరు తీసుకున్నారో ఆ కాగితాలలో తప్ప వేరే చోట లేదు.