టులెట్: మూసాపేట గేట్ల మీద ఒక ఇంగ్లీషు క్రియ

తెలుగు మీద ఇంగ్లీషు ప్రభావం గురించి వచ్చిన వ్యాసం ఏది తిరగేసినా చివరికి తేల్చే కారణం ఒక్కటే: మోజు. ఆ మధ్య ఒక సదస్సులో పెద్దాయన ఒకరు ‘టులెట్’ బోర్డునే ఉదాహరణగా ఎత్తుకుని, అద్దె అనే చక్కటి మాట చేతిలో ఉండగా పరాయి క్రియను గేటుకు వేలాడదీశామని చాలాసేపు బాధపడ్డారు. ఆయన బాధ నిజమైనదే. కారణం మాత్రం నాకు మింగుడుపడలేదు. ప్రశ్నలకు సమయం లేదన్నారు కాబట్టి అక్కడ అడగలేకపోయిన ప్రశ్న ఇక్కడ అడుగుతున్నాను. హైదరాబాదులోని మూసాపేటలో ఆ చక్కటి మాట ఏది? అద్దెనా? కిరాయా? బాడుగా?

మూసాపేటనే ఎంచుకోవడానికి కారణముంది. ఒకవైపు సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీల పని కోసం వచ్చి స్థిరపడ్డవాళ్లు, మరోవైపు 1998లో సైబర్ టవర్స్ తెరిచాక హైటెక్ సిటీ ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు, వీళ్లందరికంటే ముందునుంచీ ఉన్న ఊరివాళ్లు ఇక్కడ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు. పక్కనే ఉన్న భరత్‌నగర్‌లో 2003 నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఆగుతోంది. 2017 నవంబరులో మూసాపేటకు మెట్రో కూడా వచ్చింది. అమీర్‌పేటలో రైలు మారి హైటెక్ సిటీ చేరే వీలు కలిగాక ఈ సందుల్లో పై అంతస్తులు లేచాయి, గేట్లకు బోర్డులు పెరిగాయి. ఆంజనేయనగర్, జనతానగర్, గూడ్స్‌షెడ్ రోడ్డు వైపు సాయంత్రాలు తిరిగి ఆ బోర్డులను రాసుకున్నాను. ఈ వ్యాసానికి ఆధారం ఆ నోటుపుస్తకమే.

ముందు వ్యాకరణం. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి వస్తే చేయు, అవు పక్కన చేరుతాయి. చెక్ చేస్తాం, జాయిన్ అవుతాం. టులెట్ ఆ దారిన రాలేదు. ‘టులెట్ చేశారు’ అని మూసాపేటలో ఎవరి నోటా వినలేదు. టులెట్ పెట్టారు, టులెట్ తీసేశారు, ఆ సందులో టులెట్లు ఏమన్నా ఉన్నాయా అంటారు. ఇంగ్లీషులో తుమున్నర్థకంగా ఉన్న మాట ఇక్కడ బహువచనం పుచ్చుకునే నామవాచకం అయిపోయింది. ఒక మూడంతస్తుల ఇంటి గేటు మీద ‘సింగిల్ రూమ్ టులెట్‌కు కలదు’ అని సుద్దతో రాసి ఉంది. ఈ పరిశీలన మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం ఆ వాక్యమే. ‘టు’ చేయాల్సిన పనిని మన ‘కు’ మళ్లీ చేస్తోంది. అంటే రాసినవాళ్ల చెవికి ‘టు’ విడిగా వినిపించడం లేదు. బళ్లో నేర్చుకున్న ‘లెట్ అజ్ గో’లోని లెట్‌కూ, గేటు మీది లెట్‌కూ చుట్టరికం ఉందని కూడా ఎవరూ తలచరు. బోర్డు మీద ఇంగ్లీషు లిపిలో రెండు మాటలనూ ఖాళీ లేకుండా కలిపి రాయడం తప్పుగా కనిపించవచ్చు. నా దృష్టిలో అది పలికినదాన్ని పలికినట్టు రాయడమే. మోజుతో తెచ్చుకున్న మాటను మనిషి ఇంగ్లీషుగానే నిలుపుకుంటాడు, ఇంతగా అరగదీయడు.

దీనికి పోటీగా అచ్చు బోర్డుల్లో కనిపించే తెలుగు ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’. ఈ ‘బడు’ ప్రయోగంలోని కృత్రిమత గురించి మన భాషావేత్తలు చెప్పాల్సిందంతా చెప్పారు, మళ్లీ చెప్పను. ఏ ఇంటామె నోటా ఆ వాక్యం రాదన్నది ఒక్కటి చాలు.

ఇక మూడు మాటల సంగతి. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు ఇంటికి కట్టేది అద్దె. రాయలసీమ, నెల్లూరు వైపువాళ్లకు బాడుగ. తెలంగాణ వాళ్లకు కిరాయి. మాటల మధ్య ఇంత తేడా ఉన్నా తగాదా ఉండేది కాదేమో, కానీ ప్రతి ప్రాంతమూ పక్కవాళ్ల మాటను ఇంకో పనికి వాడుకుంది. కోస్తా చెవికి కిరాయి అనగానే కిరాయి హంతకుడు, కిరాయి గూండా గుర్తొస్తారు. పత్రికలు ఏళ్ల తరబడి నేర్పిన అర్థమది. బాడుగ అంటే వాళ్లకు బండికో లారీకో ఇచ్చేది. అద్దె అన్న మాట తెలంగాణ ఇంట్లో బడిపుస్తకం నుంచి, పేపరు నుంచి వచ్చింది తప్ప అమ్మమ్మ నోటి నుంచి రాలేదు. గుంటూరు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నాయన గేటు మీద కిరాయి అని రాయడు. పాత ఊళ్లోని ఇంటాయన అద్దె అని రాయడానికి ఇష్టపడడు. పాత ఇళ్ల సందుల్లో అట్టముక్క మీద చేత్తో రాసిన ‘కిరాయి’ నాకు కనిపించింది గానీ, మెట్రో వైపు వచ్చేకొద్దీ అది కనుమరుగైంది.

ఒక సాయంత్రం ఒక అపార్ట్‌మెంటు ముందు నిలబడి విన్నది చెప్తాను. కర్నూలు వైపు కుర్రాడు ఒకడు బోర్డు చూసి ఆగాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన వాచ్‌మన్ “టులెట్ ఉన్నది సార్, రెండో ఫ్లోర్ల” అన్నాడు. “బాడుగ ఎంతన్నా?” అన్నాడు కుర్రాడు. ఇంటాయన మెట్లు దిగుతూ “అద్దెలో మెయింటెనెన్స్ కలవదండీ, అది విడిగా” అన్నారు. వాళ్లు పైకి వెళ్లాక వాచ్‌మన్ భార్యతో “కిరాయికొచ్చిండ్రు” అన్నాడు. గేటు దగ్గర ముగ్గురినీ ఆపింది ఒక్క మాట. గేటు దాటాక ఎవరి మాట వాళ్లది. మూడు మాండలికాలు కలిసి సర్దుకోవడానికి పెట్టుకున్న గుమ్మం టులెట్. నా వాదన ఇంతే.

విజయవాడలోనూ టులెట్ బోర్డులున్నాయి కదా, అక్కడ అద్దెకు పోటీ లేదు కదా అని ఒక మిత్రుడు అడిగాడు. దుకాణాల్లో అచ్చువేసి అమ్మే బోర్డులు ఊరూరా వెళ్తాయన్నది ఒప్పుకుంటాను, కానీ మాట నిలబడిన కారణం హైదరాబాదులోనే ఉంది.

ఇదే తాళంచెవితో ఇంకొన్ని గదులు తెరవొచ్చు. పిన్ని, చిన్నమ్మ అని ఒక్కో ప్రాంతం ఒక్కో రకంగా పిలుచుకునే చోట అపార్ట్‌మెంటు మెట్ల మీద ‘ఆంటీ’ ఎందుకు గెలిచిందో, బొక్కెనకూ బాల్చీకీ మధ్య ‘బకెట్టు’ ఎలా దూరిందో ఆలోచించండి. తెలుగులో తెలుగుకే ఒప్పందం కుదరని ప్రతిచోటా ఇంగ్లీషు మధ్యవర్తిగా వచ్చి కూర్చుంది. 1956లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మూడు మాటలకూ సమాన గౌరవమిచ్చి పాఠ్యపుస్తకాల్లో పక్కపక్కన పెట్టి ఉంటే ఈ మధ్యవర్తితో పని ఉండేది కాదని నా నమ్మకం. మధ్యకోస్తా చదువరుల వాడుకనే అందరి ప్రమాణంగా నిలబెట్టాం. దాని ఫలితమే ఈ గేట్లు.

సదస్సు పెద్దాయనతో నా పేచీ ఇక్కడే. ‘అద్దె ఉండగా’ అన్నప్పుడు ఆయన తన జిల్లా మాటను తెలుగంతటి మాటగా లెక్కించారు. ఆ లెక్కలో కిరాయి, బాడుగ తెలుగు కాకుండా పోయాయి. కిరాయి ఉర్దూ నుంచి వచ్చిందని కొట్టిపారేయడం కుదరదు. తరతరాలుగా అమ్మలు పిల్లలతో మాట్లాడిన మాట అది.

ఇలాంటి తేడాలను లెక్కలోకి తెచ్చిన పని లేకపోలేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వెలువరించి, ఆ పదాల ఆధారంగానే తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించి చూపించారు. తర్వాత చేనేత పదాలకూ, ఇల్లు కట్టేవాళ్ల పదాలకూ సంపుటాలు వచ్చాయి. కట్టిన ఇల్లు చేతులు మారేటప్పుడు పుట్టే భాష కోసం నగరపు గేట్ల దగ్గరికి మాత్రం మన పరిశోధకులు వచ్చినట్టు నాకు తెలియదు. పొలంలో దొరికినంత మాండలికం మెట్రో స్టేషను పక్క సందులోనూ దొరుకుతుంది.

ఇప్పుడు ఇళ్ల వేట ఫోన్లలోకి వెళ్లిపోతోంది. ‘టులెట్‌కు కలదు’ అని రాసి ఉన్న గేటుకు నేను రెండోసారి వెళ్లేసరికి కొత్త రంగు వేశారు, సుద్ద రాత పోయింది. మీ ఊళ్లో, మీ వీధిలో చేత్తో రాసిన బోర్డు కనిపిస్తే ఫొటో తీసి తేదీ, చోటు రాసి ఉంచండి. ఇల్లుగలాయనది ఏ జిల్లానో కూడా అడిగి రాసుకోండి.