రబ్బరు నోట్లోకి వచ్చిన కథ

ఈ వారం పళ్లసెట్టు చరిత్ర రాస్తున్నాను. మన ఇళ్లల్లో చాలామంది పెద్దవాళ్లకు ఉన్నదే గదా.

ఒకప్పుడు కట్టుడు పళ్లు డబ్బున్నవాళ్లకే. పళ్లను నిలిపే పలకను బంగారంతోనో దంతంతోనో చేసేవారు. లేనివాడికి పళ్లు పోతే పోయినట్టే.

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ పచ్చి రబ్బరులో గంధకం కలిపి కాచి, ఎండకు జిగటపడని రబ్బరు కనిపెట్టాడు. గంధకం జాస్తిగా వేస్తే అది కొయ్యలా గట్టిపడుతుంది. ఆ గట్టి రబ్బరుకు ఆయన తమ్ముడు నెల్సన్ 1851లో పేటెంటు తీసుకున్నాడు. దాన్ని వల్కనైట్ అన్నారు. నోటి అచ్చుకు అతికే పలక తక్కువ ఖర్చుతో వచ్చింది.

అయితే ఆ పలకకు 1864లో జాన్ కమ్మింగ్స్‌కు పేటెంటు దొరికింది. ఆ హక్కు పొందిన కంపెనీ పళ్ల డాక్టర్లందరి దగ్గరా ఫీజు వసూలు చేసింది, ఇవ్వనివాళ్లను కోర్టుకీడ్చింది. 1879లో కంపెనీ కోశాధికారి జోసయ్య బేకన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పళ్ల డాక్టరే కాల్చి చంపాడు. 1881లో పేటెంటు గడువు తీరింది, పీడ వదిలింది.

అదే 1864లో న్యూయార్క్ డాక్టర్ బార్నమ్, వైద్యం చేసే పంటికి ఉమ్మి తగలకుండా పలుచని రబ్బరు తెర కట్టాడు. దాన్ని తోటి డాక్టర్లకు ఉచితంగానే ఇచ్చాడు. నేటికీ వాడుతున్నారు.

1930ల చివర యాక్రిలిక్ వచ్చి పలక పని తీసుకుంది. కానీ పంటిని మెరుగుపెట్టే చిన్న కప్పుల వంటివాటికి రబ్బరు ఇంకా ఉంది. మళ్లీ మళ్లీ వాడే సామానును ఆటోక్లేవ్‌లో 121 లేక 134 డిగ్రీల ఆవిరిలో ఉడికించాలి. అది పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటిదే. కుక్కర్ గ్యాస్కెట్టు కొన్నాళ్లకు బిగుసుకుపోయి పగుళ్లిస్తుంది, చూశారు గదా? వేడికి, గాలికి సహజ రబ్బరు గుణం అలా చెడుతుంది. అందుకే సాగే గుణానికి సహజ రబ్బరు, వేడి ఓర్పుకు ఈపీడీఎం వంటి కృత్రిమ రబ్బరు కలిపి చూస్తారు. ముక్కలను పదేపదే ఉడికించి ఎంత సాగుతుంది, ఎంత లాగితే తెగుతుంది, ఎంత గట్టిపడింది అని కొలుస్తారు. వెంట్రుకంత పగులు చాలు, ఒకరి నోటి క్రిమి అందులో దాగి ఇంకొకరికి పోవడానికి.

చవకగా దొరికితే చాలదు, అందరికీ అందాలి, పరీక్షకూ నిలవాలి. మన సంఘం పళ్ల క్యాంపు పెడితే డాక్టరుగారిని మర్యాదగా ఒక్క మాట అడగండి: ఈ సామాను ఒక్కసారి వాడేదా, ఆటోక్లేవ్‌కు తట్టుకునేదా?