వంద రోజుల సినిమా మూడు రోజుల సినిమా ఎట్ల అయింది?

అల్ రువైస్ నుంచి రాస్తున్న. ఈసారి పోస్టు కొంచెం పొడుగు ఉంది. శుక్రవారం సెలవే కదా, చాయ్ పెట్టుకొని తీరిగ్గా చదవండి.

పెద్ద సినిమా వచ్చిందంటే మన రూముల్లో ఒకటే ముచ్చట. మొదటి రోజు ఎంత, మూడు రోజులకు ఎంత, బ్రేక్ ఈవెన్ అయిందా లేదా. కింద బెడ్డాయన, పై బెడ్డాయన హీరోల కలెక్షన్ల మీద కొట్లాడి మాటలు బంద్ చేసుకున్న రూములు కూడా ఉన్నయి. కానీ ఆ నంబర్ ఎప్పటి నుంచి మొదలైంది, ఎందుకు మొదలైంది, అందులో మన పైసలు ఎట్ల పోతున్నయి అన్నది ఎవరూ మాట్లాడరు. నాకు తెలిసినంత వరకు చెప్తా.

మన నాయనల కాలంలో "ఎంత వసూలైంది" అని జనం అడగకపోయేది. "ఎన్ని రోజులు ఆడింది" అని అడిగేటోళ్లు. 50 రోజులు, 100 రోజులు, 175 రోజులు. దానికి కారణం రీలు. సినిమా ప్రింటు తీయాలంటే ఖర్చు ఎక్కువ, అందుకే కొన్ని ప్రింట్లే తీసేటోళ్లు. అవే ముందు పెద్ద పట్నాల్లో ఆడాలె, తర్వాత చిన్న పట్నాలు, చివరికి అరిగిపోయిన రీలు పల్లెల్లోని టూరింగ్ టాకీస్‌కు చేరేది. ఏ సెంటర్, బీ సెంటర్, సీ సెంటర్ అన్న మాటలు అట్ల వచ్చినయే. పైసలు నెలల తరబడి మెల్లగా వచ్చేవి.

"లవకుశ" సంగతి చూడండి. 1958లో సి. పుల్లయ్య గారు మొదలుపెట్టిన్రు. కలర్ సినిమా, ఖర్చు ఎక్కువ. మధ్యలో పైసలు లేక కొన్నేళ్లు ఆగిపోయింది. తర్వాత ఆయన కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేసిన్రు. 1963 మార్చిలో విడుదలైంది. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన మొదటి సినిమా అదే. జనం ఎడ్లబండ్లు కట్టుకొని పోయి చూసిన సినిమా. పైసల్లో టికెట్లు ఉన్న రోజుల్లోనే కోటి రూపాయలు వసూలు చేసిందని ఇప్పటికీ చెప్పుకుంటరు. అన్నేళ్లు ఆగిన సినిమాకు మొదటి మూడు రోజుల లెక్క ఎవరూ అడగలే.

అట్లని అప్పటి డైరెక్టర్లకు బడ్జెట్ భయం లేదనుకోవద్దు. "పాతాళ భైరవి" (1951), "మాయాబజార్" (1957) తీసిన కె.వి. రెడ్డి గారు సినిమాల్లోకి వచ్చింది క్యాషియర్‌గా. లెక్కలు రాసిన మనిషి కాబట్టి ఒక్కో సీను ఎన్ని నిమిషాలు రావాలో ముందే స్టాప్‌వాచ్ పట్టుకొని చూసుకునేటోడు. రీలు దండగ కాకుండా తీసేటోడు. మన సైట్లో స్టీల్ కటింగ్ లిస్టు ముందే రాసుకునే ఫోర్‌మన్ లెక్క అన్నమాట. అంత జాగ్రత్త మనిషి తీస్తున్నా కూడా "మాయాబజార్" ఖర్చు చూసి విజయా వాళ్లు కొన్నాళ్లు సినిమా ఆపిన్రు. తర్వాత మళ్లీ మొదలైంది. ఆ సినిమాను మనం ఇప్పుడు కూడా చూస్తున్నం.

ఇంకో రెండు సినిమాల పేర్లు చెప్తా, యాది పెట్టుకోండి.

ఒకటి "శంకరాభరణం". 1980 ఫిబ్రవరిలో వచ్చింది. కె. విశ్వనాథ్ గారి డైరెక్షన్, ఏడిద నాగేశ్వరరావు గారు నిర్మాత. పెద్ద హీరో లేడు, ముసలి సంగీత విద్వాంసుడి కథ. మొదటి రోజుల్లో హాళ్లు ఖాళీ. చూసినోళ్లు చెప్పంగ చెప్పంగ జనం పెరిగిన్రు. ఆఖరికి తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లో కూడా ఆడింది, జాతీయ అవార్డులు వచ్చినయి.

రెండోది "జగదేకవీరుడు అతిలోక సుందరి". 1990 మే 9న రిలీజ్. సరిగ్గా అదే రోజు కోస్తాను పెద్ద తుఫాను కొట్టింది. జనం ఇంట్ల నుంచి బయటికి రాలేని పరిస్థితి. వాన తగ్గినంక హాళ్లు నిండినయి. చిరంజీవి గారి పెద్ద హిట్లలో అది ఒకటయింది.

ఈ రెండు సినిమాలు ఇప్పుడు వచ్చి ఉంటే? సోమవారం పొద్దుగాలకే ఫోన్లో "డిజాస్టర్" అని పోస్టర్ తిరిగేది. మంగళవారం షోలు తీసేసేటోళ్లు.

మరి ఎక్కడ మారింది? ముందు కేబుల్ టీవీ, తర్వాత దొంగ సీడీలు వచ్చినయి. సినిమా పల్లెకు చేరేలోపే సీడీ చేరేది. ఆ తర్వాత రీలు పోయి డిజిటల్ వచ్చింది. ప్రింటు ఖర్చు లేదు కాబట్టి ఒకే రోజు అన్ని ఊర్లల్లో, అమెరికాలో, గల్ఫ్‌లో వేయొచ్చు. అందరూ మూడు రోజుల్లో చూసేస్తే నాలుగో వారానికి చూసేటోళ్లు ఎవరు? ఇప్పుడు నెల తిరిగేసరికి ఓటీటీలో కూడా వస్తున్నది.

రాజమౌళి గారి "బాహుబలి" రెండు భాగాలు 2015లో, 2017లో వచ్చినయి. బడ్జెట్ రెండింటికీ కలిపి 400 కోట్లకు పైనే అన్నరు. రెండో భాగం 1000 కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా. అది చూసి అందరూ వందల కోట్ల బడ్జెట్లకు పోయిన్రు. ఆ పైసలు ఎక్కువ భాగం ఫైనాన్స్ మీద వస్తయి. వీసాకు మిత్తికి తెచ్చి ఇక్కడికి వచ్చిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లే. అసలు ఎంత తొందరగా తీరిస్తే అంత మంచిది, నెల ఆగితే మిత్తి పెరుగుతది. వాళ్లకు మొదటి వారమే ముఖ్యం కావడానికి అది ఒక పెద్ద కారణం.

నంబర్ చూసేటప్పుడు గ్రాస్ వేరు, షేర్ వేరు అని తెలుసుకోండి. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం పైసలు. అందులో జీఎస్టీ పోవాలె, హాలు కిరాయి పోవాలె. మిగిలింది షేర్, అది సగానికి కొంచెం అటో ఇటో ఉంటది. డిస్ట్రిబ్యూటర్ నైజాం ఎంతకు కొన్నడు, సీడెడ్ ఎంతకు కొన్నడు అన్నది షేర్‌తోనే చూడాలె. 100 కోట్ల పోస్టర్ పడ్డ సినిమాకు కూడా కొన్నోడు మునగొచ్చు.

బడ్జెట్ పెరిగితే మనకేంది అంటరేమో. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్లు తగ్గించింది, పల్లెల్లో అన్నిటికన్నా కింది టికెట్ 5 రూపాయలు. సినిమావాళ్లు మాకు గిట్టదన్నరు. 2022 మార్చిలో కొత్త జీవో వచ్చింది. అందులో కింది టికెట్ 20 రూపాయలైంది. దాంతో పాటు హీరో, హీరోయిన్, డైరెక్టర్ల పారితోషికం కాకుండా 100 కోట్లు దాటిన సినిమాకు మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చని పెట్టిన్రు. అంటే డైరెక్టర్ పెట్టిన ఖర్చు తిన్నగా మన టికెట్ మీదికి వచ్చింది. 2024 డిసెంబర్ 4 రాత్రి "పుష్ప 2" ముందు షోకు తెలంగాణలో టికెట్ మీద 800 రూపాయలు అదనం. ఆ రాత్రే హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. పిల్లగాణ్ణి సినిమాకు తీసుకొచ్చిన తల్లి. మొదటి షో చూడాలన్న తొందర ఎంత దూరం పోయిందో ఆ రాత్రి చూసినం.

మౌత్ టాక్ చచ్చిపోలేదు అన్నా. 2024 సంక్రాంతికి "హనుమాన్" సినిమాకు హైదరాబాద్‌లో హాళ్లే సరిగ్గా దొరకలే. అదే రోజు "గుంటూరు కారం" ఉంది. చూసినోళ్లు చెప్తే హాళ్లు పెరిగినయి, వారాలు ఆడింది. 2023లో వేణు గారు తీసిన "బలగం" చిన్న బడ్జెట్ సినిమా. మన ఊర్లల్లో తెర కట్టి, చాపలు పరిచి అందరూ కలిసి చూసిన్రు. అట్ల చూసి ఏడ్చినోళ్ల లెక్క ఏ వీకెండ్ కలెక్షన్ల పోస్టర్లోనూ లేదు.

ఇక మన లెక్క. ఖతార్‌లో కనీస బేసిక్ 1000 రియాళ్లు. ఇక్కడి నుంచి దోహా వంద కిలోమీటర్లకు పైనే. టికెట్టు, బండి కిరాయి, రాత్రి తిండి కలిపి చూసుకోండి, ఎన్ని రోజుల జీతమో మీకే తెలుస్తది. సినిమా చూడొద్దని చెప్తలేను. నేను కూడా చూస్త. కానీ మొదటి మూడు రోజుల లెక్క ఫైనాన్స్ ఇచ్చినోడిది, డిస్ట్రిబ్యూటర్‌ది. వాళ్ల మిత్తి కోసం వాళ్లు తొందరపడుతున్నరు. మనం రెండో వారం చూసినా సినిమా అదే ఉంటది. అప్పటికి బాగుందో లేదో కూడా తెలుస్తది. ఆ నంబర్ల కోసం పక్క బెడ్డాయనతో మాటలు బంద్ చేసుకోకండి. జ్వరం వస్తే మందు తెచ్చేది ఆయనే.

మీ ఊరి హాల్లో ఎక్కువ రోజులు ఆడిన సినిమా ఏది? హాలు పేరుతో సహా కామెంట్లో రాయండి. అన్నీ చదువుత.