కట్ట మీద మైసమ్మ, వరదలో ఆడవాళ్లు

హైదరాబాదు నీళ్ల చరిత్ర చదివినప్పుడల్లా నాకు మగవాళ్ల పేర్లే ఎదురవుతాయి. హుస్సేన్ షా వలీ పేరుతో హుస్సేన్‌సాగర్, మీర్ ఆలం పేరుతో మీర్ ఆలం చెరువు, ఏడో నిజాం పేరుతో ఉస్మాన్‌సాగర్, ఆయన కొడుకు పేరుతో హిమాయత్‌సాగర్. మూసీకి కూడా ముచికుందుడనే రాజు పేరు కలిపి చెప్తారు. కానీ చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి అక్కడ కూచున్నది ఆడదేవత, కట్ట మైసమ్మ. నీళ్లకు పేరు మగవాడిది, కాపలా ఆడదానిది. ఈ పంపకం ఎట్లా జరిగిందన్నది కొన్నేళ్లుగా నన్ను వదలని ప్రశ్న.

కట్ట తెగకుండా చూడటం మైసమ్మ పని. ఆమెకు గుడి కన్నా ముందు ఒక రాయి, ఇంత పసుపు, కుంకుమ, వేపకొమ్మ చాలు. పూజారి లేకుండానే ఆడవాళ్లు ఆమెతో మాట్లాడుకోగలరు. అది మనకు దక్కిన చోటు. కానీ ఆ చోటు వెనక ఒక చీకటి కూడా ఉంది. కట్ట నిలవాలంటే ఒక ఇల్లాలు బలి కావాలన్న కథ మన ఊళ్లలో ఎన్నో చెరువులకు ఉంది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం కథనే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశారు. ఊరు బతకడం కోసం కోడలు చచ్చిపోతుంది, ఆ తర్వాత దేవత అవుతుంది. బతికుండగా ఆమెకు ఆ గౌరవం ఎవరిచ్చారు?

పాతబస్తీలో ఆషాఢం అంటే బోనాలు. వానలు పడి, బావుల్లోకి మురుగు దిగి, కలరా లేచే నెలలు ఇవే. కొత్త కుండలో అన్నం, పాలు, బెల్లం వండి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి ఆడవాళ్లు తలకెత్తుకుంటారు. వాళ్ల మీద అమ్మవారు ఉంటుందనీ, ఆమె ఉగ్రం చల్లారాలనీ దారిలో కాళ్ల మీద నీళ్లు పోస్తారు. అమ్మవారికి సాక పోస్తారు. మా అమ్మమ్మకు ఇదంతా భక్తి కన్నా బాధ్యతగా ఉండేది. నీళ్లు చెడితే ముందు పిల్లలు పోతారని ఆమెకు తెలుసు. ఆ నీళ్లు తెచ్చేది, కాచేది, జబ్బుపడ్డవాళ్లకు తాగించేది తనే. అయినా నెలసరి వస్తే బోనం ముట్టరాదు. ఆఫ్రికాలో జింబాబ్వే వైపు షోనా జనంలోనూ వానకోసం చేసే పూజకు కల్లు కాచేది ముట్లుడిగిన స్త్రీలే. నీళ్లకు దగ్గరగా ఉండే హక్కు ఆడవాళ్ల దేహానికే ఇచ్చి, ఆ దేహానికే అంటు పెట్టడం ఒక్క మన ఊరి సంగతి కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నదీమాతకు చీర, పసుపు కుంకుమలు, చాటలో ముత్యాలు సమర్పించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముస్లిం రాజు నదికి మొక్కిన ఆ కథ నాకూ ఇష్టమే. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అఫ్జల్‌గంజ్‌లో 150 మందిని కాపాడిన చింతచెట్టును కూడా గుర్తుపెట్టుకున్నాం. రాజు, ఇంజనీరు, చెట్టు చరిత్రలో ఉన్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆయన కవి కాబట్టి ఆ ముగ్గురి సంగతి మనదాకా వచ్చింది. ఇంట్లో కవి లేని ఆడవాళ్ల సంగతి?

నీళ్లూ స్త్రీ కలిసిన జ్ఞాపకం ఒక్క మతానిది కాదు. దబీర్‌పురాలోని బీబీ కా అలంలో, ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్కపలక ముక్క ఉందని నమ్ముతారు. మొహర్రం పదో రోజు అది ఏనుగు మీద ఊరేగి చాదర్‌ఘాట్ చేరుతుంది. కర్బలాలో దాహంతో చనిపోయినవాళ్ల పేరున దారిపొడవునా మంచినీళ్లు పోస్తారు. లాల్‌దర్వాజ బోనాల మరునాడు హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటమూ ఏనుగు మీదే బయలుదేరి నయాపూల్ దగ్గర మూసీ చేరుతుంది. రెండు ఊరేగింపులూ ఒక స్త్రీని తలుచుకుంటూ ఒకే నది వైపు నడుస్తాయి. హరిబౌలి, దూద్‌బౌలి అన్న పేర్లలో బౌలి అంటే మెట్లబావి. ఇప్పుడు అక్కడ మనకు మిగిలింది ఎక్కువగా ఆ పేర్లే.

2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ ఇళ్లు మునిగాయి. బురద ఎత్తిపోసి, తడిసిన బియ్యం ఎండబెట్టి, మళ్లీ పొయ్యి వెలిగించే పని ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? 2024 అక్టోబరులో మూసీ సుందరీకరణ కోసం చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూల్చారు. దూరంగా డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు చూపించారు. చుట్టుపక్కల ఇళ్లలో పనిచేసుకు బతికే స్త్రీకి ఇల్లు దూరమైతే పని కూడా పోతుంది.

బోనాలు 2014 నుంచి రాష్ట్ర పండుగ. ప్రభుత్వాలు పట్టుచీరలు సమర్పిస్తున్నాయి. సమర్పించనీయండి. నేను అడిగేది చీర సంగతి కాదు. ఏ కట్ట బలహీనంగా ఉంది, ఏ నాలా ఎటు మళ్లాలి, ఎవరి గోడ తీయాలి అని తేల్చే చోట ఆ గల్లీ ఆడవాళ్ల మాట ఎందుకు ఉండదని అడుగుతున్నాను. కట్టకు కాపలాగా మైసమ్మను కూచోబెట్టిన సమాజం, ఆ కట్ట కింద బతికే ఆడవాళ్లను కూడా ఒకమాట అడగాలి. వాళ్లను దేవతలను చేయనక్కరలేదు, బతికుండగా వింటే చాలు.