ఈథర్నెట్ ఫ్రేమ్ రకాల గుర్తింపు, నామకరణం: సోమశిల ముంపు ఆలయాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోని సోమశిల కృష్ణాతీరాన వెలసిన శైవక్షేత్రం. శ్రీశైలం జలాశయ ముంపు కారణంగా ఇక్కడి సోమేశ్వరాలయాన్ని పాత స్థలం నుండి తరలించి, ఎత్తైన చోట పునర్నిర్మించారు. ఇటువంటి తరలింపులో రాళ్లకు సంఖ్యలు వేసి, ఆ క్రమంలోనే తిరిగి పేర్చడం పద్ధతి. ఆ సంఖ్య ఆలయాన్ని కట్టిన శిల్పిది కాదు, తరలించినవారిది. రాతిమీద ఉన్నంత మాత్రాన దానిని ఏ పరిశోధకుడూ శాసనంగా చదవడు.

నెట్‌వర్కులో సాగే సమాచారాన్ని పట్టి చూపే విశ్లేషక సాధనాల విషయంలో మాత్రం ఈ జాగ్రత్త తరచు సడలుతుంది. తెరమీద ‘ఈథర్నెట్ 2’ అని కనిపించగానే ఆ పేరు ఫ్రేములోనే రాసి ఉందనుకోవడం సహజం. నిజానికి ఫ్రేములో ఏ పేరూ ఉండదు. తెరమీది పేరు ఏ చారిత్రక పరిణామాల ఫలితమో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. (‘చట్రం’ అన్న మాట ఉన్నప్పటికీ, ప్రయోగశాలల్లో ఎవరూ అలా అనరు కనుక ‘ఫ్రేమ్’నే గ్రహించాను.)

రెండు బైట్లు – రెండు అర్థాలు

ఈథర్నెట్ ఆలోచనను 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్ ప్రతిపాదించాడు. డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి 1980లో దాని నిర్దేశాలను ప్రకటించాయి. 1982లో వచ్చిన రెండవ కూర్పు నుండే పేరులోని ‘2’ వచ్చింది. ఈ పద్ధతిలో గమ్యం చిరునామాకు 6 బైట్లు, మూలం చిరునామాకు 6 బైట్లు, ఆ తర్వాతి 2 బైట్లు లోపలి సమాచారపు రకానికి కేటాయించారు. 1983లో రూపుదిద్దుకున్న ఐఈఈఈ 802.3 ప్రమాణం అదే స్థానంలో రకానికి బదులు పొడవును నిలిపింది. రకాన్ని చెప్పే పనిని 802.2 అనే మరో శీర్షికకు అప్పగించింది.

ఒకే తీగమీద రెండు సంప్రదాయాలు నడవవలసి వచ్చింది. ఈ చిక్కును విడదీసినది ఒక సంఖ్యాభేదం. సమాచారం 1500 బైట్లకు మించదు కనుక, ఆ రెండు బైట్ల విలువ 1500 లేదా అంతకు తక్కువైతే పొడవు. 1536 లేదా అంతకు ఎక్కువైతే రకం. జిరాక్స్ వారి పప్ ప్రోటోకాల్‌కు ముందు 512 అనే సంఖ్య ఉండేది. అది పొడవుల పరిధిలో పడింది కనుక 2560కి మార్చారు. ముంపులో పడిన ఊరు మెట్టకు చేరినట్టే ఇదీ. 1997లో 802.3 ప్రమాణమే రెండు అర్థాలనూ అంగీకరించింది.

నావెల్ చేసిన నామకరణం

అన్నిటికంటె ఎక్కువ గందరగోళం నావెల్ సంస్థ నెట్‌వేర్‌తో వచ్చింది. అది 802.3 పొడవును తీసుకున్నది కాని 802.2 శీర్షికను వదిలేసి, తన ఐపీఎక్స్ ప్రోటోకాల్‌ను నేరుగా అమర్చింది. ఐపీఎక్స్‌లో మొదటి రెండు బైట్లు సరిచూపు సంఖ్యకు ఉద్దేశించినవి. వాటిని వాడక, రెండింటినీ 255తో నింపేవారు. వాడని ఆ గడులే తర్వాతి కాలంలో గుర్తింపు చిహ్నమయ్యాయి! ప్రమాణాన్ని సగమే పాటించిన ఈ రూపానికి నావెల్ ‘ఈథర్నెట్ 802.3’ అనీ, పూర్తిగా పాటించిన రూపానికి ‘ఈథర్నెట్ 802.2’ అనీ పేర్లు పెట్టింది. పేరును నమ్మి నిర్మాణాన్ని ఊహించేవారు ఇక్కడ తప్పక పొరబడతారు.

మరొక రూపం స్నాప్. పొడవు తర్వాత 170, 170, 3 అనే బైట్లు వస్తే, వెనుక 3 బైట్ల సంస్థసంఖ్య, ఆపై మళ్లీ 2 బైట్ల రకం ఉంటాయి. ముందువాకిట కాదన్న రకం దొడ్డిదారిన ఇల్లు చేరిందన్నమాట.

విశ్లేషకం చదివే తీరు

జెరాల్డ్ కూంబ్స్ 1998లో ఇథీరియల్ పేరుతో విడుదల చేసి, 2006లో వైర్‌షార్క్‌గా పేరు మార్చిన సాధనం పై నియమాలతోనే చదువుతుంది. 2048 కనిపిస్తే ఐపీ నాలుగవ కూర్పు, 34525 అయితే ఆరవ కూర్పు. 33024 అయితే అసలు రకం ఇంకా ముందున్నదని అర్థం. సాధనానికి అందే ప్రతి కూడా సంపూర్ణం కాదు. మొదటి 8 బైట్ల నాందీభాగం దాకా రాదు, చివరి 4 బైట్ల సరిచూపును సాధారణంగా నెట్‌వర్క్ కార్డే తొలగిస్తుంది. ఆద్యంతాలు శిథిలమైన తాళపత్రం వంటిదే మన ముందుండేది. పొడవు సంప్రదాయం గతించిందనుకోవడమూ సరికాదు. స్విచ్‌లు పంపుకొనే స్పానింగ్ ట్రీ సందేశాల్లో నేటికీ ఆ రెండు బైట్లలో 38 అనే పొడవే కనిపిస్తుంది.

నేడు అత్యధికంగా నడుస్తున్నది రకం పద్ధతే. దానివల్ల పోయినదేమిటో ఒక ఉదాహరణలో చూడవచ్చు. ‘సోమశిల’ అనే మాట యూటీఎఫ్-8లో 6 సంకేతాలు, 18 బైట్లు. ఫ్రేములో సమాచారం కనీసం 46 బైట్లు ఉండాలి. పొడవు పద్ధతిలో 802.2 శీర్షికతో కలిపి 21 అని నమోదవుతుంది. మిగిలిన 25 బైట్లు పూరకమని ఫ్రేమే చెబుతుంది. రకం పద్ధతిలో 28 పూరక బైట్లు చేరతాయి. మాట ఎక్కడ ముగిసిందో, పూరకం ఎక్కడ మొదలైందో ఈథర్నెట్ శీర్షికలో ఉండదు. లోపలి ప్రోటోకాల్‌ను అడిగి తెలుసుకోవలసిందే.