ఆఖరి కిస్తీ దాకా ఆ బండి ఎవరిది?

"ఇక్కడో సంతకం సార్... ఇక్కడ... ఇదిగో, దీని మీద కూడా."

షోరూంలో ఫైనాన్స్ కుర్రాడు చకచకా పేజీలు తిప్పుతున్నాడు. ప్రతి పేజీ అడుగునా పెన్సిల్‌తో పెట్టిన ఇంటూ గుర్తు. మా బాబాయి ఒక్కో గుర్తు పక్కనా తన పేరు పొందిగ్గా రాసుకుంటూ పోతున్నాడు. బయట కొత్త జీపు ముందు పిన్ని పళ్లెంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని నిలబడింది. "దుర్ముహూర్తం వచ్చేస్తోంది, తొందరగా కానివ్వండి" అంటోంది. ఆ కాగితాల్లో ఏముందని బాబాయి అడగలేదు. అప్పుడు డిగ్రీ చదువుతూ ఆయన పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు.

జంగారెడ్డిగూడెం నుంచి బుట్టాయగూడెం వైపు కిరాయికి తిప్పడానికి కొన్న జీపు అది. బాబాయే డ్రైవరు, బాబాయే ఓనరు. మేమంతా అలాగే అనుకున్నాం.

రెండో ఏడు వానాకాలంలో ఇంజను మరమ్మతుకొచ్చింది. మూడు కిస్తీలు ఆగిపోయాయి. ఒకరోజు తెల్లవారుజామున బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేసరికి, జీపు ఉండాల్సిన చోట నూనె మరక మాత్రమే మిగిలింది. సీజింగు వాళ్లు రెండో తాళంతో తీసుకెళ్లిపోయారు. అసలు తాళం బాబాయి చేతిలోనే ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "నా బండి ఎవడిచ్చాడని తీసుకెళ్లార్రా?" అని నన్నడిగాడు.

చాలా ఏళ్ల తర్వాత, 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చదువుతుంటే ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

* * *

ఆ కేసు ఉత్తరప్రదేశ్‌ది. అందులో ఒకవైపు మాగ్మా ఫిన్‌కార్ప్ అనే ఫైనాన్స్ కంపెనీ, రెండోవైపు బతుకుతెరువు కోసం మహీంద్రా మార్షల్ జీపు తీసుకున్న ఒక మామూలు మనిషి. ఆయన పేరు ఇక్కడ మనకు అక్కర్లేదు.

2002లో ఆ జీపు ఖరీదు 4,21,121 రూపాయలు. ఆయన తన చేతి నుంచి 1,06,121 రూపాయలు కట్టాడు. మిగిలిన 3,15,000 కంపెనీ పెట్టింది. నెలనెలా కిస్తీ కట్టాలి. ఆయన సంతకం పెట్టిన గదిలో నేను లేను. కానీ ఆ గది నాకు తెలుసు. వాయిదాల మీద బండి తీసుకున్న ప్రతి ఇంటికీ తెలుసు. డీలరు మనిషి రంగు గురించి, మైలేజీ గురించి మాట్లాడతాడు. పక్క బల్ల దగ్గర ఫైనాన్స్ మనిషి గుర్తులు పెట్టిన కాగితాలు ముందుకు జరుపుతాడు. ఇటు కూర్చున్నవాడి కళ్లు మాత్రం అద్దాల అవతల మెరుస్తున్న బండి మీదే ఉంటాయి.

కొన్ని కిస్తీలు కట్టాక ఆయనకూ చెయ్యి ఆడలేదు. బకాయి పడింది. కంపెనీ జీపు పట్టుకుపోయింది. ముందుగా సరైన నోటీసు ఇవ్వలేదు.

ఆయన ఊరుకోలేదు. జిల్లా వినియోగదారుల ఫోరం గడప తొక్కాడు. డబ్బు వడ్డీతో సహా తిరిగి ఇమ్మని ఫోరం ఆదేశించింది. కంపెనీ రాష్ట్ర కమిషన్‌కు వెళ్లింది, అక్కడా ఓడింది. జాతీయ కమిషన్‌కు వెళ్లినా అదే ఫలితం. మూడు మెట్ల మీదా న్యాయం తన వైపే ఉందనిపించినప్పుడు ఆ మనిషి ఎంత ధీమాగా నిద్రపోయి ఉంటాడో కదా!

నాలుగో మెట్టు దగ్గర అంతా తలకిందులైంది. సుప్రీంకోర్టు ఒప్పంద పత్రం తెరిచి చూసింది. అది హైర్ పర్చేజ్ ఒప్పందం. అంటే అద్దె కొనుగోలు. కిస్తీలన్నీ తీరేదాకా కంపెనీయే యజమాని, బండి నడుపుకునేవాడు కిరాయిదారు. ఆ కిరాయిదారు బకాయి పడ్డాడు కాబట్టి యజమాని తన వస్తువు తాను తీసుకెళ్లడం నేరం కాదని కోర్టు చెప్పింది. కింది ఆదేశాలను కొట్టేసింది. అయితే నోటీసు ఇవ్వకపోవడం సేవాలోపమేనని, అందుకు 15,000 రూపాయల పరిహారం చెల్లించాలని చెప్పింది.

పద్దెనిమిదేళ్ల తర్వాత మిగిలింది ఆ పదిహేను వేలు!

* * *

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాబాయి అడిగిన దానికి చట్టం చెప్పే జవాబు ఇదా? "అది నీ బండి కాదు బాబాయ్, నువ్వు అద్దెకు నడుపుకున్న బండి" అని ఎలా చెప్పను?

ఇంకా తవ్వితే ఇంకో సంగతి బయటపడింది. 1972లోనే పార్లమెంటు అద్దె కొనుగోలు చట్టం చేసింది. ఖరీదులో నిర్ణీత భాగం కట్టేసినవాడి దగ్గర్నుంచి కోర్టుకు వెళ్లకుండా వస్తువు లాక్కోకూడదని అందులో రాసుంది. ఆ చట్టం ఒక్కరోజు కూడా అమల్లోకి రాలేదు. 2005లో దాన్ని రద్దు చేశారు. మనలాంటి వాళ్ల కోసం కట్టిన ఇల్లు, గృహప్రవేశం కాకుండానే కూలగొట్టారు.

అలాగని మన చేతిలో ఏమీ లేకుండా పోలేదు. రౌడీలను పంపి బండ్లు గుంజుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2007లో ఒక బ్యాంకు కేసులో గట్టిగా మందలించింది. 2011లో ఒక మారుతీ ఓమ్నీ కేసులోనూ బలవంతపు స్వాధీనం చెల్లదని చెప్పింది. ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, అమ్మే ముందు ఆఖరి అవకాశం ఎలా ఇస్తారు అన్నవి ఒప్పందంలోనే స్పష్టంగా రాయాలని రిజర్వు బ్యాంకు 2009లో ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది.

"వ్యాపారం కోసం తీసుకున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావు" అని డీలర్లూ కంపెనీలూ అడ్డం తిరుగుతుంటారు. పొట్టకూటి కోసం ఆటో కొని తానే తోలుకునేవాడు వినియోగదారుడేనని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇప్పుడు మన ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. ఇవేవీ తెలియక బాబాయి ఏ గడపా తొక్కలేదు. ఆ రెండేళ్లూ ఊరికే గడిచిపోయాయి.

ఆర్సీ తీసి చూస్తే ఫైనాన్స్ కంపెనీ పేరు కనిపిస్తుంది. ఆ బండి హైర్ పర్చేజా, లీజా, హైపాథికేషనా (తాకట్టా) అన్న సంగతి రవాణా శాఖ రికార్డులో ఉంటుంది. అప్పు తీరాక ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఫారం 35 ఇచ్చి ఆ పేరు తీయించుకుంటేనే ఆర్సీ శుభ్రమవుతుంది. యజమాని ఎవరన్నది మొదటి రోజునే రాసిపెట్టి ఉంది. చదవనిది మనమే.

* * *

మొన్నీమధ్య బాబాయి కొడుకు ట్రాలీ ఆటో కొన్నాడు. షోరూంకు నేనూ వెళ్లాను. ఫైనాన్స్ కుర్రాడు వేరు, పెన్సిల్ ఇంటూ గుర్తులు మాత్రం అవే.

తమ్ముడు పెన్ను తీశాడు. బాబాయి వాడి చెయ్యి మీద చెయ్యి వేశాడు. "ఆగరా. బాబూ, ఇందులో ఏముందో తెలుగులో చెప్పు. కిస్తీ ఆగితే ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు? రెండో తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఈ కట్ట నకలు మాకెప్పుడిస్తారు?"

కుర్రాడు మేనేజరును పిలిచాడు. మేనేజరు కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టాడు. ఒక్కో పేజీకి బాబాయి ఆపి అడుగుతున్నాడు, తమ్ముడు ఫైలు వెనక అట్ట మీద రాసుకుంటున్నాడు. గంట దాటింది. పిన్ని లోపలికి తొంగిచూసి, "ముహూర్తం దాటిపోయిందండీ" అంది.

"దాటనీ," అన్నాడు బాబాయి, తలెత్తకుండానే. "ఇంకా పదకొండు పేజీలున్నాయి."