అమ్మనా, ఉంచనా?

మా పెద్దత్తగారి ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున కలరా ఉండల వాసనేసే కవరొకటి ఉంటుంది. మామయ్యగారు ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న షేర్ల కాగితాలు అందులో ఉండేవి. ఆ షేర్లన్నీ ఎప్పుడో డీమాట్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. ఆవిడ మాత్రం ఖాళీ కవరు పారెయ్యలేదు.

మొన్నీమధ్య ఆ కంపెనీ మూడు నెలల లెక్కలు చెప్పింది. లాభం బాగా తగ్గిందిట. "అమ్మేద్దామమ్మా" అంటాడు మా మరిది. "అమ్మితే పన్ను పడుతుంది, చూసుకో" అంటుంది మా ఆడపడుచు. ఆవిడ ఇద్దర్నీ పక్కనబెట్టి నాకు కబురు పెట్టారు. "బియ్యేలో చరిత్ర చదివావుగా అమ్మాయ్! ఇలాంటప్పుడు ఇదివరకటి వాళ్లు ఏం చేశారో చెప్పు" అన్నారు. ఇన్నేళ్లకి నా డిగ్రీ ఒకరికి పనికొస్తోందంటే సంబరపడ్డానేగానీ, చెప్పడం మొదలెట్టాకగాని తెలీలేదు, అదెంత పెద్ద కథో!

మన దేశంలో షేర్ల పిచ్చి మొదట ముదిరింది బొంబాయిలో. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి, ఇంగ్లండు మిల్లులకి అక్కణ్ణించి పత్తి రావడం ఆగిపోయింది. దాంతో మన పత్తి బంగారమయింది. ఊళ్లోకి వచ్చిపడ్డ డబ్బు షేర్లలోకి మళ్లింది. సముద్రాన్ని పూడ్చి నేల చేస్తామన్న బ్యాక్ బే కంపెనీ షేరు, అయిదువేలది యాభైవేల దాకా పోయిందిట. 1865లో యుద్ధం ఆగింది. పత్తి ధర కూలింది, దాంతోపాటే షేర్లూను. 2,850 రూపాయలు పలికిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేరు 87కి దిగిపోయింది. ఆ రోజుల్లో షేర్ల రాజనిపించుకున్న ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఆస్తంతా పోగొట్టుకున్నాడు. అయితే అంతకుముందే వాళ్లమ్మ రాజాబాయి పేరున గడియారం గోపురానికి రెండు లక్షలిచ్చి ఉన్నాడు. బొంబాయి యూనివర్సిటీలో అది ఇప్పటికీ గంటలు కొడుతూనే ఉంది. షేర్ల డబ్బులో నిలిచింది అమ్మ పేరున ఇచ్చిందే కాబోలు అన్నాను. పెద్దత్తగారు మా మరిదివైపు చూశారు. వాడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

చిత్రమేమిటంటే, లాభానికి అమ్మిన షేరుమీద అప్పట్లో ప్రత్యేకంగా పన్నంటూ లేదు. పన్నుకి జడిసి ఎవరూ ఆగలేదు. ఇంకా పెరుగుతుందని ఆగారు, అంతే!

ఆ పన్ను మనింటి గుమ్మం తొక్కింది 1947లో. స్వాతంత్ర్యానికి ఆరునెలల ముందు, ఫిబ్రవరి 28న లియాఖత్ అలీఖాన్ బడ్జెట్ పెట్టి, ఆస్తి అమ్మితే వచ్చిన లాభంలోనూ సర్కారుకి వాటా ఉందన్నాడు. వ్యాపారస్తులు గగ్గోలు పెట్టారు. 1949లో జాన్ మత్తాయ్ దాన్ని ఎత్తేశారు. హమ్మయ్య అనుకునేలోపు 1956లో కేంబ్రిడ్జి నుంచి కాల్డర్ అనే ఆర్థికవేత్త వచ్చి సలహా ఇవ్వడం, టి.టి. కృష్ణమాచారి దాన్ని మళ్లీ తేవడం అయ్యాయి. చుట్టపుచూపుగా వచ్చి, వెళ్లినట్టే వెళ్లి, పెట్టె బేడాతో మళ్లీ దిగే చుట్టాలు మీకూ ఉండే ఉంటారు!

తర్వాతా ఇదే వరస. స్టాక్ ఎక్స్చేంజీలో ఏడాదిపైన ఉంచి అమ్మిన షేర్లకి 2004 అక్టోబరు నుంచి పన్ను లేదన్నారు. 2018లో అరుణ్ జైట్లీ లక్ష దాటిన లాభం మీద నూటికి పది చొప్పున తిరిగి తెచ్చారు. ఆ మర్నాడే సెన్సెక్స్ 840 పాయింట్లు పడింది. 2024 జూలైలో ఆ పది పన్నెండున్నరయింది, లక్ష కాస్తా లక్షా పాతికవేలయింది.

"అయితే పన్ను పోయేదాకా ఆగాలా, పోనీ పెరక్కముందే అమ్మాలా?" అని మా ఆడపడుచు పట్టుకుంది.

దానికి నేను ఇన్ఫోసిస్ సంగతి చెప్పాను. 2003 ఏప్రిల్ 10న ఆ కంపెనీ లెక్కలు చెప్పింది. లాభం తగ్గలేదు, వచ్చే ఏడు మీరనుకున్నంత పెరగదని మాత్రం అంది. అంతే, ఆ ఒక్కరోజే షేరు నాలుగోవంతుకు పైగా పడిపోయింది. కంగారుపడి అమ్మేసినవాళ్లున్నారు. మనసు రాక ఉంచేసుకున్నవాళ్లకి మరుసటేడు ఒక్క షేరుకి మూడు ఊరికే ఇచ్చారు. ఆపైన అక్టోబరు నుంచి పన్నూ పోయింది. ఇదంతా ముందే తెలిసి చేసినవాళ్లెవరూ లేరండీ.

మరి ఎప్పుడూ ఉంచుకోవడమే మంచిదా అంటే, అక్కడే మన హైదరాబాదు సత్యం అడ్డొస్తుంది. మూడు నెలలకోసారి లెక్కలొచ్చేవి, అన్నీ ముచ్చటగా ఉండేవి. 2008లో చక్కగా నడిపే కంపెనీ అని బహుమతి కూడా ఇచ్చారు. 2009 జనవరి 7న రామలింగరాజుగారు ఉత్తరం రాశారు. బ్యాంకుల్లో ఉన్నాయన్న డబ్బులో అయిదువేల కోట్ల పైచిలుకు అసలు లేనేలేదు. మూడు నెలల్లో 649 కోట్లు మిగిలాయని చూపించారు గానీ, నిజంగా మిగిలినవి 61. అంతకుముందురోజు 180 దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40కి వచ్చింది. అప్పటికి ఏడాది దాటిన షేరుకి పన్ను లేదు, ఎవరైనా ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. మనవాళ్ల కంపెనీ అన్న అభిమానమే చాలామందిని పట్టి ఉంచింది. కూతుళ్ల పెళ్లిళ్లకని దాచుకున్నవి అలా పోయినవాళ్లని నేనెరుగుదును.

పెద్దత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. వక్క నోట్లో వేసుకుని, "అయితే తక్కువొచ్చిందని చెప్పుకున్నవాడు కనీసం దాచలేదన్నమాట" అన్నారు.

"ఈసారికి అంతే అత్తయ్యా. వచ్చేసారి సంగతి ఎవరు చెప్పగలరు?" అన్నాను.

"మీ మామయ్యగారు కొన్న ధర నాకు గుర్తులేదే. పన్నుకి ఆ ధరే చూస్తారా?"

అక్కర్లేదు. 1947లో 1939 జనవరి 1 నాటి విలువని అసలుగా తీసుకోవచ్చన్నారు. 1956లో అది 1954 జనవరి 1 అయింది. ఇలా తేదీ జరుగుతూనే వచ్చింది. 2018లో పన్ను తిరిగొచ్చినప్పుడు, ఆ జనవరి 31దాకా పెరిగినదాన్ని ముట్టుకోమన్నారు. ఈ మాట చెప్పేసరికి ఆవిడ మొహం విచ్చుకుంది.

"ఆవకాయ జాడీ అంతా ఒక్కరోజు గుమ్మరిస్తామా ఏమిటి! ఏటా ఆ లక్షా పాతికవేలు దాటకుండా కొన్ని తీద్దాం. తక్కినవి ఉండనీ" అని మా మరిది చేతిలో పేపరు లాగేశారు. "ఒరే, ఆ రోజు ధరెంతో కనుక్కుని ఈ కవరుమీద రాయి. పెన్సిలుతో కాదు, పెన్నుతో."